జిరాక్సు కేసు

ఏప్రిల్ 22, 2025, మంగళవారం

ఆదివారం డీఎస్సీ నోటిఫికేషన్ పడింది. 16,347 టీచరు పోస్టులు. ముఖ్యమంత్రి పుట్టినరోజుకి ఇస్తారని అందరూ అనుకుంటున్నదే, అలాగే ఇచ్చారు. నిరుడు ఫిబ్రవరిలో వచ్చింది రద్దయిపోయాక, ఈసారి నిజంగా పరీక్ష దాకా వెళ్తుందన్న నమ్మకం పిల్లల్లో కనిపిస్తోంది. జూన్ 6 నుంచి పరీక్షలు. అంటే మాకు అమ్మకాలకి నెలన్నర కూడా లేదు.

మామయ్యగారు మా ప్రచురణ సంస్థ నడిపిన రోజుల్లో నోటిఫికేషన్ పడ్డ మర్నాడు తెల్లారేసరికి బస్టాండులో మా పార్సిళ్ళు లోడయ్యేవి. ఈ రెండు రోజుల్లో శ్రీకాకుళం అడిగింది, రాజమండ్రి అడిగింది, కర్నూలు రెండుసార్లు అడిగింది. అవనిగడ్డ నుంచి ఒక్క ఫోనూ లేదు. రాష్ట్రంలో డీఎస్సీ అంటే అవనిగడ్డే కదా. ఊళ్ళో సగం ఇళ్ళు హాస్టళ్ళే. అలాంటి ఊరికి మా తెలుగు మెథడాలజీ పుస్తకం అక్కర్లేదా? ఏజెంటుకి నేనే చేశాను. "పాత స్టాకే కదల్లేదు మేడం" అన్నాడు. నోటిఫికేషన్ వచ్చిన వారంలో స్టాకు కదలకపోవడం ఈ వ్యాపారంలో నేనెప్పుడూ వినలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

మా గుమాస్తాని వెంటబెట్టుకుని అవనిగడ్డ వెళ్ళొచ్చాను. ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి మీదుగా బస్సు. మోపిదేవిలో సగం బస్సు ఖాళీ అయింది, గుడి జనం. మిగిలినవాళ్ళంతా పెట్టెలు, పరుపుచుట్టలు పట్టుకున్న డీఎస్సీ పిల్లలే.

కోచింగ్ సెంటర్ల వీధిలో జిరాక్సు షాపులకి లెక్కలేదు. "అన్ని రకముల డీఎస్సీ మెటీరియల్ లభించును" అని ఫ్లెక్సీ కట్టిన షాపు ముందు ఆగాం. తెలుగు మెథడాలజీ ఉందా అనడిగితే కుర్రాడు తలెత్తకుండానే, "మాస్టారి పుస్తకమేనా? నూట అరవై" అన్నాడు. మా పుస్తకం వెల 340.

నూట అరవై ఫోన్‌పే కొట్టి కొన్నాను. బిల్లివ్వనన్నాడు. ఫోన్‌లో రికార్డు ఉంటుంది, అదే చాలు.

బస్సులో కూర్చుని తిరగేశాను. మా 352 పేజీలూ ఉన్నాయి. ఒక్కో వైపు రెండేసి పేజీలు కుదించి, రెండు వైపులా కొడితే 88 కాగితాలు. స్పైరల్ చుట్టి, పైన ప్లాస్టిక్ అట్ట. ముద్రణ పర్వాలేదు, మా మొదటి ప్రింటుకన్నా నలుపు నయం. ఎవరి పుస్తకం నుంచి తీశారో గాని పెన్సిలు టిక్కులు అక్కడక్కడా అలాగే పడ్డాయి. 204వ పేజీ కింద ఒక బొటనవేలు. పుస్తకం అణిచిపట్టిన వేలు, గోరు ఆకారం సహా బూడిదరంగులో అచ్చయింది.

లేనిదల్లా ఒకటే: లోపలి అట్ట వెనక పేజీ. ప్రచురణకర్త పేరు, సంవత్సరం, వెల, సర్వహక్కుల మాట ఉండే ఆ ఒక్క పేజీని వదిలేసి మిగతాదంతా తీశారు.

ఏప్రిల్ 28, సోమవారం

ప్లీడరు గారి దగ్గర కూర్చుంటే రెండు గంటలు పట్టింది. మామయ్యగారి కాలం నుంచీ ఆయనే.

ఆ పేజీ వదిలేయడం చూసి మొదట సంతోషించింది ఆయనే. "తెలియక చేశామనడానికి వీల్లేకుండా చేసుకున్నారమ్మా." తెలియక చేసినవాడి మీద సివిల్‌గా నష్టపరిహారం రాదట. ఇంజంక్షనూ, వాడికొచ్చిన లాభమూ, అంతవరకే. క్రిమినల్ కేసుకైతే తెలిసి చేశాడన్నదే ప్రాణం. హక్కుల పేజీని ఏరి మరీ పక్కన పెట్టినవాడికి అది ఉన్నదని తెలుసు.

దారులు రెండున్నాయన్నారు. సివిల్‌కి వెళ్తే జిల్లా కోర్టు. మామూలు దావాల్లో లాగా ముద్దాయి ఊరికి పరిగెత్తక్కర్లేదు, మన వ్యాపారం ఎక్కడుంటే అక్కడే దావా వేయొచ్చు. క్రిమినల్‌కి వెళ్తే కాపీరైటు చట్టం 63వ సెక్షను. కనీసం ఆర్నెల్లు, గరిష్ఠం మూడేళ్ళు జైలు. జరిమానా యాభై వేల నుంచి రెండు లక్షల దాకా. మళ్ళీ చేస్తే కనీసం ఏడాది, జరిమానా లక్ష నుంచి మొదలు. బెయిలు ఇచ్చే కేసా కాదా అని హైకోర్టులు చాన్నాళ్ళు తలో మాట చెప్పాయట. 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది: పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు, నాన్‌బెయిలబుల్. ఎస్సై స్థాయి అధికారి వారంటు లేకుండానే కాపీలూ, వాటిని తీసే యంత్రాలూ స్వాధీనం చేసుకోవచ్చు.

పుస్తకం రిజిస్టరు చేయించలేదన్నాను. అక్కర్లేదట, రాసినప్పుడే హక్కు పుడుతుంది. చేయిస్తే సాక్ష్యానికి బలం, ఐదు వందల ఫీజు, అంతే.

"పుస్తకం మొత్తం మనదే అనుకోకండి" అని కూడా అన్నారు. హెర్బార్టు సోపానాలు పుస్తకం రాసిన మా మాస్టారు కనిపెట్టినవి కావు కదా. ఆ విషయం మీద ఎవరైనా రాసుకోవచ్చు. మాస్టారు దాన్ని చెప్పిన తీరు, ఆ వాక్యాలు, ఆ వరస, ఆ ఉదాహరణలు మాత్రమే మనవి. 1978లో ఆర్.జి. ఆనంద్ నాటకం కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇదేనట. ఆలోచనకి యజమాని లేడు, చెప్పిన రూపానికి ఉంటాడు. మా కేసులో ఆ గొడవ లేదు. బొటనవేలితో సహా దిగిన రూపం.

ఇదంతా అయ్యాక అసలు ప్రశ్న వేశారు. "మాస్టారు మీకు హక్కులిచ్చిన కాగితం ఏది?"

మామయ్యగారు 2016లో రాయించుకున్న ఉత్తరం ఒకటుంది. అందులో రాయల్టీ పది శాతం అని ఉంది, ఎన్నేళ్ళకో లేదు. కాలం రాయకపోతే ఐదేళ్ళే అని చట్టం. అంటే 2021తోనే హక్కులు మాస్టారికి తిరిగి వెళ్ళిపోయాయి. ఈ నాలుగేళ్ళూ ఆయన ఊరుకున్నారు కాబట్టి నడిచింది. ముందు తెనాలిలో మాస్టారి దగ్గరికి వెళ్ళి కొత్త కాగితం రాయించుకుని, అప్పుడు దొంగని పట్టుకోవాలి. ప్లీడరు గారు నవ్వలేదు గాని గుమాస్తా నవ్వేశాడు.

ఏప్రిల్ 30, బుధవారం

తెనాలి. మాస్టారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ప్లీడరు గారి ముసాయిదా ఇస్తే కళ్ళజోడు సర్దుకుని, ఎర్ర పెన్ను తీసుకుని దిద్దడం మొదలెట్టారు. మూడు "సదరు"లు కొట్టేశారు. "హక్కుభుక్తములు" దగ్గర ఆగి, ఇది ఉండనీ బాగుంది అన్నారు. పదేళ్ళ కాలం, భారతదేశం, అచ్చుపుస్తకం, విడిగా ఎలక్ట్రానిక్ రూపం. ఈ నాలుగూ విడివిడిగా రాయించాను.

జిరాక్సు కాపీ చేతికిస్తే అటూ ఇటూ తిప్పారు. కోప్పడతారనుకున్నాను. "చిన్నక్షరాలు. పాపం కళ్ళు పోతాయి వీళ్ళకి" అన్నారు.

"కేసు పెడితే మీకేమైనా అభ్యంతరమా మాస్టారూ?"

"పిల్లల మీద పెడతావా?"

"అమ్మినవాడి మీదండి."

"అయితే పెట్టు." కాసేపాగి, "కేసు సంగతి సరేనమ్మా, మార్చి లెక్క ఇంకా పంపలేదేం?" అన్నారు.

కాపీకి ముప్ఫై నాలుగు రూపాయలు ఆయనవి. జిరాక్సు షాపు అమ్మిన ప్రతి కట్టలోంచి ముందు పోయింది ఆయన ముప్ఫై నాలుగు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళు లెక్కలు వేసిన మనిషి కాకపోయినా ఈ లెక్క ఆయనకి బాగానే తెలుసు.

మే 4, ఆదివారం

ఆఫీసు తీయించి కంప్యూటర్లు చూసుకున్నాం. ఫిర్యాదిచ్చే ముందు మన ఇల్లు చూసుకోమని ప్లీడరు గారి సలహా. దొంగ సాఫ్ట్‌వేరు అని తెలిసీ వాడితే, కాపీ తీసి అమ్మక్కర్లేదు, వాడినందుకే 63బి: కనీసం వారం జైలు, యాభై వేలు. ఎదుటి పక్షం ప్లీడరు మొదట వెతికేది అదేనట. తెలుగు డీటీపీ లోకంలో లైసెన్సు ఫాంట్లు కొన్న ఆఫీసులెన్నో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మామయ్యగారు కొన్నారు. బీరువాలో డాంగిల్, దాని రసీదు, పేజ్‌మేకర్ సీడీ పెట్టె, అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉన్నాయి. డీటీపీ అమ్మాయి ఆ కవరు చూసి, "ఇవి నిజంగా కొంటారా మేడం?" అంది.

340లో షాపులకి నలభై శాతం పోతే 204. మాస్టారికి 34. కాగితం, అచ్చు, బైండింగు దాదాపు 80. మిగిలే తొంభైలో కంపోజింగు, ప్రూఫులు, అద్దె, జీతాలు, గోడౌన్‌లో చెదలు తినేది. జిరాక్సువాడికి కాగితమూ టోనరూ స్పైరలూ తప్ప ఏ ఖర్చూ లేదు. మా వెల ఎక్కువ అని పిల్లలంటారు. ఎక్కువే. కాని ఆ ఎక్కువలో ఒక మనిషి రెండేళ్ళు కూర్చుని రాసింది ఉంది. నూట అరవైలో అది లేదు.

మే 8, గురువారం

ఫిర్యాదు తీసుకున్నారు. ఎస్సై చిన్నవాడు, చదివాడు మొత్తం. "అత్తారింటికి దారేది లీకైనప్పుడు పెడనలో సీడీలు దొరికాయండి, మన జిల్లాయే" అన్నాడు. 2013 సెప్టెంబరు. అక్టోబరులో రావలసిన సినిమాని హడావుడిగా 27నే విడుదల చేసుకున్నారు. అంత పెద్ద సినిమాకి రాష్ట్రం మొత్తం కదిలింది. మెథడాలజీ పుస్తకానికి ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, మధ్యవర్తులుగా ఇద్దరు వీఆర్వోలు కదిలారు. నాకు ఫిర్యాదేం లేదు.

షాపులో 63 కట్టలు దొరికాయి, మా పుస్తకానివే. ఇంకా వేరేవాళ్ళవి చాలా ఉన్నాయి, అవి ముట్టుకోలేదు. వాటి సొంతదార్లు ఫిర్యాదివ్వలేదు కదా. యజమానికి ముప్ఫై ఐదేళ్ళుంటాయేమో. మొదట వాదించాడు: "అందరూ చేసేదే కదండి, నా ఒక్కడి మీదే ఎందుకండి?" ఎస్సై జవాబు చెప్పలేదు. అడగవలసింది నన్నని అతనికి అర్థమయ్యాక నావైపు చూడటం మానేశాడు.

యంత్రం తీసుకెళ్ళాలంటే నలుగురు కావలసొచ్చింది. సెకండ్‌హాండ్ కానన్, మంచం ఎత్తున ఉంది. గుమ్మం దాటించేటప్పుడు కానిస్టేబుల్ దాన్ని ఒక పక్కకి వాల్చబోయాడు. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ యజమాని ఒక్క ఉదుటున వచ్చి పట్టుకున్నాడు. "వంచకండి సార్, టోనర్ ఒలికిపోద్ది. డ్రమ్ము పోతే పదిహేను వేలు." తర్వాత అతనే దగ్గరుండి, ట్రే ఊడదీసి, వైరు చుట్టి టేపు వేసి, ట్రాలీ ఆటోలో అట్టపెట్టెలు పరిపించి ఎక్కించాడు. అయినా మెట్ల మీద నల్లటి పొడి ఒలికింది. వీధంతా చూస్తోంది. పక్క షాపులవాళ్ళు షట్టర్లు సగం దించేశారు.

కుర్రాడు మూల నిలబడి ఉన్నాడు. చూడకూడదనుకుంటూనే అతని చేతులు చూశాను. గోళ్ళ చుట్టూ టోనరు నలుపు. "ఇతను?" అన్నాడు ఎస్సై. పని చేసేవాడైనా తెలిసి చేస్తే ముద్దాయే అని ప్లీడరు గారు చెప్పారు. కౌంటరు కింద అతని సంచిలోంచి హాల్‌టికెట్టు సైజు ఫోటోలు, ఎస్‌జీటీ సిలబస్ కాగితం బయటికి కనిపిస్తున్నాయి. ఉద్యోగమొస్తే వెరిఫికేషన్ ఫారంలో క్రిమినల్ కేసు ఉందా అన్న గడి ఉంటుంది. నా ఫిర్యాదులో యజమాని పేరే ఉంది, అది చాలన్నాను. 204వ పేజీ సంగతి నేనెత్తలేదు, ఎస్సై అన్ని పేజీలు తిప్పలేదు.

అరెస్టు చేయలేదు. ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాలకి ముందు నోటీసిచ్చి పిలవాలి. కొత్త చట్టంలో సెక్షను 35(3) అయింది గాని స్టేషన్లో ఇంకా "నలభై ఒకటి ఏ" అనే అంటున్నారు.

మే 9, శుక్రవారం

పొద్దుటి నుంచీ ఫోన్లే. పుస్తకాల షాపులవాళ్ళు ఇద్దరు శభాష్ అన్నారు. వాళ్ళలో ఒకాయన సొంత కొట్లోనే వెనకవైపు జిరాక్సు కట్టలుంటాయని అందరికీ తెలుసు. ఏజెంటు చేసి, "రాజీ చేసుకోండి మేడం, ఊళ్ళో మీ పుస్తకం పెట్టనంటున్నారు" అన్నాడు. ఇన్నాళ్ళూ పెట్టింది ఎవరట?

మధ్యాహ్నం ఒక ఆడగొంతు. పేరు చెప్పలేదు. "ఆ మిషను మీద నెలకి ఏడువేల ఎనిమిదొందలు కట్టాలండి" అని పెట్టేసింది.

మే 16, శుక్రవారం

నిన్నటితో డీఎస్సీ దరఖాస్తుల గడువు అయిపోయింది. డీటీపీ అమ్మాయి ఫోనులో చూపించింది: టెలిగ్రాంలో మా పుస్తకం పీడీఎఫ్. ఉచితం. చానల్లో ఎందరున్నారో చూసి ఫోను తిరిగి ఇచ్చేశాను. తిరగేస్తే 204లో వేలు లేదు, పెన్సిలు టిక్కులు లేవు. ఇది వేరే ఎవరో, వేరే పుస్తకం విప్పి, పేజీ పేజీ తిన్నగా స్కాన్ చేసుకున్నది.

ప్లీడరు గారికి చెప్తే ఢిల్లీ సంగతి చెప్పారు. పోటీ పరీక్షలకి ఇంగ్లీషు పుస్తకాలు రాసే ఒక టీచరు ఇలాగే టెలిగ్రాం మీద వెళ్ళారు. పేర్లు మేం చెప్పం, వాడుకరుల గోప్యత, సర్వర్లు సింగపూరులో ఉన్నాయి అన్నది కంపెనీ. 2022 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. చానళ్ళు నడిపేవాళ్ళ ఫోను నంబర్లు, ఐపీ అడ్రసులు, మెయిళ్ళు సీల్డు కవర్లో ఇవ్వమంది. ఇచ్చారు. కాబట్టి దారి ఉంది. ఆ దారికయ్యే ఖర్చు మా రెండు ఎడిషన్లు. ఇప్పటికి కంపెనీ ఫిర్యాదు అధికారికి మెయిలు పెట్టించాను. చానలు మూసేశారు. సాయంత్రానికి అదే పేరుకి చివర "2" తగిలించుకుని ఇంకోటి తెరుచుకుంది.

షట్టరు, బోర్డు, ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్నవాడు దొరికాడు. అవేవీ లేనివాడు దొరకలేదు.

మే 26, సోమవారం

జిరాక్సు యజమాని మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేసుకున్నాడు. స్వాధీనం చేసుకున్న పదిహేను రోజుల్లోపు వేసుకోవాలి, వేశాడు. లక్షన్నర బాండు, ఇద్దరు జామీనుదార్లు. యంత్రం తాత్కాలికంగా తిరిగిచ్చారు. లోపలి హార్డ్‌డిస్కు మాత్రం ల్యాబుకి పంపుతారట, అది లేకుండా యంత్రం నడవదని అతని ప్లీడరు వాదన. కొత్తది వేయించుకోమన్నారు. 63 కట్టలు కోర్టులోనే. దొంగ కాపీలు చట్టప్రకారం హక్కుదారువే అవుతాయి, మీకే ఇప్పిస్తాను అన్నారు మా ప్లీడరు గారు. ఏం చేసుకోను? అమ్మితే మాస్టారు ఊరుకోరు, ఆ అక్షరాలకి.

వాళ్ళ ప్లీడరు రామేశ్వరి కేసు ఎత్తాడట. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్సు షాపు మీద ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో దావా వేస్తే, 2016లో హైకోర్టు షాపు వైపే మొగ్గింది. చదువు చెప్పే క్రమంలో టీచరూ విద్యార్థీ తీసుకునే కాపీలకి చట్టంలో మినహాయింపు ఉంది. డివిజన్ బెంచి కూడా ఆ ఏడాదే డిసెంబరులో సూత్రం నిలబెట్టింది, మరుసటేడు ప్రచురణకర్తలు దావా మానుకున్నారు. ఆ తీర్పు నాకు నచ్చిన తీర్పే. పాఠానికి కావలసిన భాగాలు వేర్వేరు పుస్తకాల్లోంచి తీసి కట్టిన కోర్సుప్యాకులవి. పిల్లలు ఆ ఖరీదైన పుస్తకాలన్నీ ఎలాగూ కొనలేరు. మా దగ్గర అట్ట నుంచి అట్ట దాకా తీసి, బోర్డు కట్టి అమ్మారు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఆ తీర్పు పేరు చెప్పి వీధివీధీ అమ్మకాలు చేసేవాళ్ళే రేపు నిజమైన విద్యార్థి మినహాయింపుకి ఎసరు పెడతారు.

ఈ పద్దెనిమిది రోజులూ అతని షాపు ఖాళీ. దరఖాస్తుల సీజను పోయింది, హాల్‌టికెట్ల ప్రింట్లు పోతాయి. ఆర్నెల్లా మూడేళ్ళా అసలు ఏమీ లేదా అన్నది కోర్టు ఏ నాటికో చెబుతుంది. అతనికి పడవలసింది పడిపోయింది. నా సంగతీ అంతే. తీర్పు వచ్చేనాటికి సిలబసే మారిపోతుంది. 'శ్రీమంతుడు' 2015లో వచ్చిన సినిమా. కథ నాదని నవలా రచయిత వేసిన కేసు నాంపల్లి కోర్టు నుంచి హైకోర్టుకీ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకీ వెళ్ళి, 2024 జనవరిలో "మేం జోక్యం చేసుకోం" అనిపించుకుని, మళ్ళీ విచారణ కోసం కింది కోర్టుకే వచ్చింది. తొమ్మిదేళ్ళకి విచారణ మొదలు.

జూన్ 6, శుక్రవారం

పరీక్షలు మొదలు. రిటర్నులు వస్తాయి ఇక. గోడౌన్ సర్దించాలి.

జూన్ 19, గురువారం

జిరాక్సు యజమాని ఆఫీసుకొచ్చాడు. వెంట తల్లి. నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నారు.

క్షమించమని కాదు వచ్చింది. ఒక లాంగ్ నోట్‌బుక్కు బల్ల మీద పెట్టాడు. ఆర్డర్ల పుస్తకం. తేదీ, ఎన్ని సెట్లు, ఎంత అడ్వాన్సు. మా పుస్తకం "తె.మె." అని రాసుకున్నాడు. పక్కన ఒక కోచింగ్ సెంటరు పేరు పొడి అక్షరాల్లో. ఫిబ్రవరిలో 200, మార్చిలో 350, నోటిఫికేషన్ వచ్చాక ఒకేసారి 550.

"వాళ్ళు సెట్టుకి నూటపది ఇచ్చేవాళ్ళండి. పిల్లల దగ్గర మెటీరియల్ ఫీజు కింద వసూలు చేసేవాళ్ళు. మీరు చూసిన కట్టలు వాళ్ళకి పోగా మిగిలినవేనండి." డబ్బు వచ్చిన ఫోన్‌పే వివరాలు కూడా చూపించాడు. సెంటరు ఖాతా నుంచే.

"మీ పుస్తకం మా దగ్గరికి తెచ్చిందీ వాళ్ళేనండి. ఆ పెన్సిలు టిక్కులు వాళ్ళ సారువే."

తల్లి అప్పటిదాకా మాట్లాడలేదు. "వీడిది తప్పు కాదనట్లేదమ్మా. కాని పోలీసులు మా గడపకే వచ్చారు. ఆ గేటులోకి ఎవరూ పోలేదు" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. గేటులోకి వెళ్ళడానికి కావలసింది ఇప్పుడు బల్ల మీద ఉంది. నోట్‌బుక్కు పేజీలన్నీ ఫోటోలు తీయించి, ప్రతి ఫోటో మీదా అతని చేత సంతకం, తేదీ పెట్టించాను.

జులై 3, గురువారం

కేసు వెనక్కి తీసుకుంటాను, అతను సాక్షిగా రావాలి అన్నది నా లెక్క. ప్లీడరు గారు తల అడ్డంగా ఊపారు. వెనక్కి తీసుకోవడానికి అది నా కేసు కాదట. కాగితం మీద ఒకవైపు రాష్ట్ర ప్రభుత్వం, రెండోవైపు అతను. ఇంటిగొడవలూ, చిన్న మోసాలూ కొన్ని ఫిర్యాదుదారు సరేనంటే కోర్టులో రాజీ అయిపోతాయి. 63వ సెక్షను ఆ జాబితాలో లేదు. లోక్ అదాలత్‌లో పెట్టడానికీ లేదు. ఉన్నది ఒకే దారి: ఇద్దరమూ నేలపాడులో హైకోర్టుకి వెళ్ళి, మా మధ్య గొడవ తీరిపోయింది, కేసు కొట్టేయండి అని అర్జీ పెట్టుకోవాలి. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం జడ్జి గారి ఇష్టం. ఒక సంతకంతో మొదలైంది, ఆపడానికి రెండు వకాల్తాలు, రెండు అఫిడవిట్లు కావాలి.

ఫిర్యాదిచ్చేముందు ఇది తెలిసినా ఇచ్చేదాన్నే. కాని మొదటి రోజే చెప్పి ఉండవలసింది ఆయన. చెప్పాననే అంటారు.

అతని ఖర్చు అతను, నా ఖర్చు నేను. ఇకముందు మా పుస్తకం ఏదీ కాపీ తీయనని హామీపత్రం, ముప్ఫై వేలు నష్టపరిహారం మూడు వాయిదాల్లో. మొదటి పదివేలు ఇచ్చాడు. మాస్టారికి వెళ్ళవలసిన వాటా అందులోంచే లెక్క తీసి పంపాను. మార్చి లెక్క కూడా.

జులై 21, సోమవారం

కోచింగ్ సెంటరుకి లాయరు నోటీసు వెళ్ళింది. 1,100 సెట్లు, 340 చొప్పున 3,74,000. మూడు లక్షలు దాటింది కాబట్టి కమర్షియల్ కోర్టు. అత్యవసరంగా ఆపవలసింది ఏమీ లేదు కనుక దావాకి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో. చేయించినవాడూ చేసినవాడితో సమానమేనని 63లోనే ఉంది. క్రిమినల్ సంగతి అవసరమైతే తర్వాత చూద్దామని నోటీసులో చివరి పేరాగా పెట్టించాను. మాస్టారు ఉండనిమ్మన్న "హక్కుభుక్తములు" కూడా ఎక్కడో ఇరికించారు.

మూడో రోజుకే డైరెక్టరు ఫోను చేశాడు, ప్లీడరుకి కాదు, నాకు. మర్యాదగానే మాట్లాడాడు. అది "ఫ్యాకల్టీ స్థాయిలో జరిగిన పొరపాటు" అన్నాడు. వచ్చే బ్యాచికి ఐదు వందల పుస్తకాలు కొంటాం, యాభై శాతం డిస్కౌంటు ఇవ్వండి, ఇదంతా మరిచిపోదాం అన్నాడు. కొత్త పుస్తకాలు షాపులవాళ్ళందరికీ ఇచ్చినట్టే నలభై శాతానికి ఇస్తానన్నాను. పాత 1,100 వేరే లెక్క, దానికి డిస్కౌంటు లేదు. పార్ట్‌నర్లతో మాట్లాడి చెప్తానన్నాడు.

మధ్యవర్తిత్వం అర్జీకి రేపు ప్లీడరు గారి గుమాస్తా వస్తాడు. ఒప్పందం జిరాక్సులు మూడు సెట్లు, ఆర్డరు బుక్కు ఫోటోలు మూడు సెట్లు తీయించి ఉంచాలి. ఫీజు డబ్బు కూడా.